మొగదిషు జిల్లా వంటలు

గత నెలలో ఒక శనివారం ఉదయం షాంటిలీలోని మా ఇంటికి మిషిగన్ నుంచి ఫోన్ వచ్చింది. చేసినవారు ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా పాత తెలుగు క్రైస్తవ సంఘం అధ్యక్షుల వారు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆయన అజెండా లేకుండా మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజు అంశాలు రెండే ఉన్నాయన్నారు. మొదటిది, మా పెద్దమ్మ నిద్రలోనే కన్నుమూసింది. రెండోది, ఆవిడ వంటింటి గట్టు మీద పెద్ద గిన్నెలో ఎర్ర గింజలు నానుతున్నాయి.

"రేపటి లంచ్‌కి నానబోసినట్టుందయ్యా. ఎంతసేపు ఉడకబెట్టాలి?"

"మూడు గంటలండి. బాగా మెత్తబడ్డాక వెన్న, పంచదార."

"వెన్న, పంచదార సంగతి నాకు తెలుసులే," అన్నారాయన. ఆ తర్వాత అజెండాలో లేని పని ఒకటి చేశారు. మూడు గంటలని రాసుకుని నాకు చదివి వినిపించారు.

ఆవిడను పాఠకులకు సక్రమంగా పరిచయం చేయడం నా విధి. మా అమ్మకు అక్క. స్వస్థలం బాపట్ల, వృత్తి నర్సు. అరవైల చివర పెదనాన్నకు సోమాలియా రాజధాని మొగదిషులో లెక్కల మాస్టారుగా ఉద్యోగం దొరికితే, వెంట వెళ్ళి అక్కడి ఆస్పత్రిలో తొమ్మిదేళ్ళు పనిచేసింది. పెదనాన్న అక్కడే పోయారు. పిల్లలు లేరు. డెబ్బై ఏడులో, నర్సుల కోసం ఎదురుచూస్తున్న డెట్రాయిట్ ప్రాంతానికి వచ్చింది. మరుసటి ఏడు నేను పై చదువుకని వచ్చి, ఒక సూట్‌కేసుతోనూ దోసెల మీది బెంగతోనూ ఆవిడ ఇంట్లో దిగాను.

మర్నాడు పొద్దున్నే పొయ్యి మీద పెనం, పెనం మీద అట్టు కనిపించాయి. కృతజ్ఞతతో అట్లకాడ అందుకున్నాను.

"ఒరేయ్, అది కింద పెట్టు."

"తిరగెయ్యొద్దా పెద్దమ్మా?"

"ఒక వైపు మనం చూసుకుంటాం. రెండో వైపు సంగతి మూత చూసుకుంటుంది. మధ్యలో నువ్వు దూరకు."

దాని పేరు అంజేరో. మైదాపిండిలో కాస్త మొక్కజొన్న పిండి, చిటికెడు ఈస్టు, గోరువెచ్చటి నీళ్ళు కలిపి ముందురోజే నానబెట్టాలి. పొద్దున పొంగిన పిండిని పెనం నడుమ పోసి, గరిటె అడుగుతో లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా తిప్పాలి. మూత పెట్టాలి. పై భాగమంతా రంధ్రాలు పడితే అయినట్టు. నెయ్యి, పంచదార చల్లి, ఏలకులూ దాల్చినచెక్కా వేసి మరిగించిన టీతో తినాలి. నేను మొదటి రోజు మూడు తిన్నాను. నాలుగోది నిరసనగా తిన్నాను.

నిరసన ఎంతోకాలం నిలవలేదు. ఆ రోజుల్లో ఆ ఊరి సూపర్ మార్కెట్‌లో మినప్పప్పు లేదు, చింతపండు లేదు, కరివేపాకు అన్న మాటే లేదు. మన వంట చేయడానికి కావలసినది ఏదీ దొరకని ఆ దేశంలో, సోమాలీ వంటకు కావలసినవన్నీ మొదటి రెండు వరసల్లోనే దొరికేవి. మైదా, బియ్యం, టమాటాలు, అరటిపళ్ళు, స్పగెట్టి, వెన్నా పంచదారా కలిపి తినే ఆ ఎర్ర గింజలు. ఇటలీ వారు సోమాలియాను ఏలి వెళ్ళిపోయాక, వారు వదిలినవాటిలో ఉంచుకోదగినది స్పగెట్టి ఒక్కటేనని ఆ దేశస్థులు నిర్ణయించుకున్నట్టు పెద్దమ్మ చెప్పేది. దాని మీదికి కైమా, టమాటాలతో వండే కూరను సూగో అంటారు. సూగోకైనా అన్నానికైనా ప్రాణం హవాష్ అనే మసాలా. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, ఏలకులు, లవంగాలు వేయించి, పసుపు చేర్చి, కాఫీ గ్రైండర్‌లో పొడి చేసేది. ఆ గ్రైండర్ మళ్ళీ కాఫీకి పనికి రాలేదు. మేము కాఫీ మానేశాం.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వారు తమ భవనాన్ని మా సంఘానికి ఇచ్చేవారు. పైన హాలులో ఆరాధన, కింద బేస్‌మెంట్‌లో భోజనం. కింది అంతస్తు పూర్తిగా పెద్దమ్మ ఏలుబడిలో ఉండేది. వడ్డించాక ఆవిడ మనిషి ఎదురుగా నిలబడేది. మొదటి ముద్ద మింగితే గాని పక్క కుర్చీకి కదిలేది కాదు. మాత్రలు మింగించే నర్సు అలవాటు కాబోలు అనుకునేవాళ్ళం. ఆవిడ ముఖ్య వంటకం గొర్రెమాంసం ఉడికిన నీళ్ళలో హవాష్ వేసి వండే అన్నం. పళ్ళెం పక్కన ఒలిచిన అరటిపండు తప్పనిసరి. ఒక ముద్ద అన్నం, ఒక కొరుకు పండు.

ఈ వంటలు ఎక్కడివని నాలుగేళ్ళపాటు ఎవరూ అడగలేదు. గుంటూరు వారు ఇవి నెల్లూరు వంటలనుకున్నారు. నెల్లూరు వారు, విశాఖ వైపు ఇలా తింటారు కాబోలు పాపం, అనుకున్నారు. విశాఖ వారు కృష్ణా జిల్లా నుంచి ఇంతకంటే ఏమీ ఆశించలేదు. ఆవిడది బాపట్ల అని తెలిసిన ఒకరిద్దరు, ఇవి అత్తవారి వైపు వంటలని సరిపెట్టుకున్నారు. ఆవిడ ఆఫ్రికాలో పనిచేసిందని అందరికీ తెలుసు. అక్కడ కూడా మనుషులు అన్నం వండుకుంటారన్న అనుమానం ఎవరికీ రాలేదు. పొరుగు జిల్లా వంట మీద మనకున్న చిన్నచూపు ఒక పరాయి దేశపు భోజనానికి అంతకాలం వీసా లేకుండా ఆశ్రయమిచ్చింది.

ఎనభై రెండు వేసవిలో అధ్యక్షుల వారి తండ్రిగారు చుట్టపుచూపుగా వచ్చారు. రిటైరైన స్కూళ్ళ ఇన్స్పెక్టరు. తనిఖీకి వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ భోజనం చేసిన మనిషి. పెద్దమ్మ వడ్డించి ఎదురుగా నిలబడింది. ఆయన ఒక ముద్ద మింగి, అరటిపండు వంక చూసి, చెయ్యి ఆపారు.

"అమ్మాయ్, కోస్తా జిల్లాలన్నీ తిరిగాను. పెరుగన్నంలోకి పండు తింటారు, ఒప్పుకుంటాను. మాంసం అన్నంలోకి ఎక్కడా చూళ్ళేదు. ఇది ఏ జిల్లా వంటమ్మా?"

"మొగదిషు జిల్లా అండి," అంది పెద్దమ్మ. "ఇంకొంచెం వెయ్యనా?"

పెద్దాయన వేయించుకున్నారు. అధ్యక్షుల వారు తన పళ్ళెం పక్కకు జరిపారు.

"ఇన్నేళ్ళూ మాకు చెప్పలేదేంటి సిస్టర్?"

"అడిగితే చెప్పేదాన్నండి. అడగలేదు, అందుకని వడ్డించాను."

ఆ వారమే కమిటీ సమావేశమైంది. అధ్యక్షుల వారు కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు. కదిలేదాన్ని ఆపడం ఆయన వృత్తిధర్మం. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు వంట అంటే ఏమిటో ఎరగకుండా పెరుగుతున్నారని ఆయన బాధపడ్డారు. ఆ బాధ నటన కాదు. సంఘపు భోజనాలలో ఇకపై తెలుగు వంటలు మాత్రమే వడ్డించవలెననీ, వంటగది బాధ్యతను కుటుంబాలు వంతులవారీగా స్వీకరించవలెననీ తీర్మానించడమైనది. తీర్మానం రాసినది కార్యదర్శి, అనగా నేను. ఆ ఉదయం నేను నాలుగు అంజేరోలు తిని వెళ్ళిన వాస్తవం మినిట్స్‌లో నమోదు కాలేదు.

ప్రతిని ఆవిడకు అందజేయవలసిందీ నేనే. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"దస్తూరి బాగుందిరా."

"కమిటీ నిర్ణయం పెద్దమ్మా. నాదేం లేదు."

"కమిటీకి చెయ్యి ఉండదు కదా నాన్నా. రాసింది నీ చెయ్యే."

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ బేస్‌మెంట్‌లో గోడవార కుర్చీలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది. మరుసటి ఆదివారమూ అంతే. మూడో వారం ఆస్పత్రిలో అడిగి మరీ ఆదివారం డ్యూటీ వేయించుకుంది. ఆ ఊళ్ళో ఆవిడకు ఉన్నవి ఆస్పత్రి, ఈ వంటగది. రెండోది పోతే ఆవిడ మా మధ్యకు రావడం మానేస్తుందని ఇంట్లో ఉన్న నాకు అర్థమైంది.

"పప్పుచారు కూడా అద్భుతంగా చేస్తావు కదా. అదే చేసి పెట్టరాదూ?" అని అడిగాను.

ఆవిడ పెనం తుడుస్తూ చెప్పింది. పెదనాన్న పోయినప్పుడు మొగదిషులో పక్కింటి ముసలావిడ నలభై రోజులు గిన్నె పట్టుకుని వచ్చిందట. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. గిన్నె పెట్టి వెళ్ళిపోయేది కాదు, ఎదురుగా నిలబడేది. మింగాక గాని కదిలేది కాదు. "పప్పుచారు మా అమ్మ నేర్పింది, మీ అమ్మకూ నేర్పింది. అది చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ముసలమ్మ వంట ఈ ఊళ్ళో నేను చెయ్యకపోతే ఎవరు చేస్తారురా?"

నేను రాసినదాన్ని నేనే విప్పాలని ఆ రోజు నిశ్చయించుకున్నాను. అవకాశం కూడా కమిటీయే కల్పించింది. ఎవరో బంగాళాదుంప వేపుడు తెస్తే, బంగాళాదుంప తెలుగుదేనా అని మరొకరు లేవదీశారు. దాన్ని తోసిపుచ్చితే టమాటాతోపాటు మిరపకాయ కూడా పోతుందని పెద్దాయన హెచ్చరించారు. మిరపకాయ లేని తెలుగు సంఘాన్ని ఊహించలేక సభ బంగాళాదుంపను వెంటనే క్షమించింది. నిర్వచనం అవసరమన్నారు. కార్యదర్శి వినయంగా ఒకటి ప్రతిపాదించాడు: "తెలుగు వంట అనగా తెలుగు కుటుంబములు తమ ఇండ్లలో వాడుకగా వండుకొని తినునది." ఏకగ్రీవంగా ఆమోదించారు. వాడుక తేల్చడానికి ప్రతి ఇల్లాలూ గడిచిన వారం ఏ రోజు ఏం వండిందో చీటీ మీద రాసి పంపాలన్నాను. దానికీ ఒప్పుకున్నారు. నాలుగేళ్ళుగా "సిస్టర్ ఉన్నారా? పిండి పొంగలేదు", "సూగో నీళ్ళగా వచ్చింది, ఏం చెయ్యాలి?" అని వచ్చే ఫోన్లు మా ఇంట్లో తీసేవాణ్ణి నేనని ఎవరికీ గుర్తు రాలేదు.

చీటీలు అధ్యక్షుల వారి ఇంట్లోనే చదివాను. మొదటిది: "సోమవారం, తిరగెయ్యని అట్లు. మంగళవారం, సిస్టర్ గారి స్పగెట్టి. బుధవారం, మిగిలిన స్పగెట్టి."

"ఎవరిదయ్యా అది?" అన్నారు అధ్యక్షుల వారు.

"మనదే," అంది ఆయన భార్య వంటింటి గుమ్మంలోంచి. "సోమవారం మీరు ఐదు తిన్నారు."

"అవి దోసెలు కదా."

"దోసెలకి మినప్పప్పు ఎక్కడిదండీ ఈ ఊళ్ళో? ఇన్నాళ్ళూ మీరు దోసె, దోసె అంటూ తిన్నది అదే."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"బాగుందన్నారుగా. బాగున్నదానికి సంజాయిషీ ఎందుకని ఊరుకున్నా."

"మరి పులిహోర?"

"మామయ్యగారు తెచ్చిన చింతపండు ఉన్నన్నాళ్ళు చేశాను. అయిపోయింది."

సోఫాలోంచి పెద్దాయన అన్నారు: "ఒరేయ్, పేపరు సెట్ చేసిందీ మీరే, తప్పిందీ మీరే. నా సర్వీసులో ఇలాంటి స్కూలు చూళ్ళేదు."

మిగతా చీటీలూ ఇంచుమించు అంతే. ఆమోదిత నిర్వచనం ప్రకారం అంజేరో తెలుగు వంటగా తేలింది, పులిహోర విదేశీ వంటకంగా మిగిలింది. అధ్యక్షుల వారి గురించి ఒక మాట చెప్పాలి. తీర్మానాన్ని రద్దు చేస్తూ ఉత్తరం పంపిస్తే సరిపోయేది. ఆయన స్వయంగా మా ఇంటికి వచ్చి, కోటు విప్పకుండా నిలబడ్డారు.

"సిస్టర్, ఆదివారం డ్యూటీ మార్పించుకోండి. మీరు లేకపోతే కింద ఎవరికి వాళ్ళే పెట్టుకు తింటున్నారు. లంచ్‌లా లేదు."

"అదలా ఉంచండి. పొద్దున ఏమైనా తిన్నారా?"

తినలేదన్నారు. పెద్దమ్మ పళ్ళెం పెట్టి, ఎదురుగా నిలబడింది. ఆయన మింగాక డ్యూటీ మార్చమని అడగడానికి ఆస్పత్రికి ఫోన్ చేసింది.

ఆ తర్వాత ఆరేళ్ళు, మొన్న పోయేదాకా, ఆ వంటగది ఆవిడ చేతిలోనే ఉంది. ఈలోగా ఇండియన్ షాపు వచ్చింది, మినప్పప్పు వచ్చింది, పులిహోర గౌరవంగా తిరిగివచ్చింది. అధ్యక్షుల వారి చిన్నమ్మాయి స్కూల్లో తమ ఇంటి వంట గురించి చెప్పమంటే, "తెలుగు పీపుల్ రైస్‌లో బనానా తింటారు" అని చెప్పి వచ్చిందట. తండ్రి దిద్దబోయి ఊరుకున్నారట. ఆ పిల్లది తప్పు అని నిరూపించే పత్రం ఏదీ సంఘం దగ్గర లేదు.

సమాధి కార్యక్రమానికి నేను వెళ్ళాను. అది అయ్యాక అందరం బేస్‌మెంట్‌లోకి దిగాం. వంట చేసేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. పెద్ద పొయ్యికి ఎదురుగా మాత్రం ఒక మనిషి నిలబడేంత జాగా ఖాళీగా ఉంది. అధ్యక్షుల వారి భార్య ఎడమ పక్క నుంచి చెయ్యి చాచి అన్నం కలుపుతోంది. మరొకావిడ కుడి పక్క నుంచి ఒంగి మంట తగ్గిస్తోంది. మధ్యలో నిలబడితే ఇద్దరికీ పని సులువయ్యేది. అలా వదిలెయ్యమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అన్నం దించేదాకా గరిటెలు రెండు పక్కల నుంచే వస్తూ పోతూ ఉన్నాయి. ఎవరి భుజమూ ఆ జాగాలోకి రాలేదు.