మందు, రవ్వ, గుండు

మా కింది వాటా పెద్దావిడ చలికాలం మొదట్లో ఒక మంగళవారం ఉదయం చనిపోయారు. ఆ మాట చెప్పడానికి వాళ్లబ్బాయి మెట్లెక్కి మా తలుపు దాకా వచ్చాడు. "అమ్మ ప్రశాంతంగా నిద్రపోయింది" అన్నాడు. ఇక్కడ జర్మనీలో చావును ఇలాగే చెబుతారు. ఆవిడకు ఈ మాట నచ్చేది కాదు. జీవితమంతా మందుల షాపు నడిపిన మనిషి. "నిద్రకి నేను మాత్రలు అమ్మాను. అది వేరు, ఇది వేరు" అనేవారు. కాబట్టి ఆవిడ ఒప్పుకునేలాగే రాస్తున్నాను. ఎనభై దాటాయి. గుండె ఆగింది. చనిపోయారు.

వాల్డార్ఫ్ పక్కన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువగా అద్దెకుండే చిన్న ఊరు మాది. మా ఆయన ఉద్యోగం కోసం వచ్చాం. అంతకుముందు నేను తెలంగాణలో ఒక దినపత్రికకు ఏళ్ల తరబడి క్రైమ్ వార్తలు రాశాను. ఇక్కడి నుంచి వేరే విషయాలు రాస్తూనే ఉన్నాను. కింది వాటా ఆవిడతో మొదట్లో మెట్ల మీద పలకరింపులు తప్ప పరిచయం లేదు. మాటలు కలిసింది సూపర్ మార్కెట్‌లో, గోధుమ రవ్వ అర దగ్గర.

అక్కడ ఒకటే ప్యాకెట్టు మిగిలింది. నేను చెయ్యి పెట్టాను, ఆవిడా పెట్టారు.

"పాలలో ఉడికించడానికా?" అని అడిగారు. ఇక్కడ పిల్లలకు రవ్వ అలా పెడతారు.

"కాదండీ, ఉప్మాకి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి చేస్తాం. మీరు?"

"నేను తుపాకిలో పోస్తాను."

నా జర్మన్ మీద నాకున్న కాస్త నమ్మకం అక్కడే పోయింది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పారు, ఈసారి చెవిటి వాళ్లకు చెప్పినంత నిదానంగా. ప్యాకెట్టు నా బుట్టలో వేసి, "సాయంత్రం కిందికి రండి, పంచుకుందాం" అన్నారు. ఆ సాయంత్రం షాపు నాటి ఇత్తడి తక్కెడ తీసి, రవ్వను చెరి సగం తూచారు. ముల్లు నిలిచేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.

పైకొచ్చి మా ఆయనతో చెప్పాను.

"కింది పెద్దమ్మ రవ్వ కాలుస్తదంట."

"వేయిస్తదేమో."

"వేయించుడు కాదు, కాల్చుడే. తుపాకిల పోసి."

ఆయన ల్యాప్‌టాప్ మూసి నా దిక్కు చూశాడు. "క్రైమ్ బీటు ఇడిసిపెట్టినవనుకున్న" అన్నాడు.

ఆ తుపాకి నూటయాభై ఏళ్ల కిందటి సైన్యానిది. పొడుగ్గా, బరువుగా ఉంటుంది. ఒకసారికి ఒకటే తూటా. బోల్టు వెనక్కి లాగి, చేత్తో ఒకటి పెట్టి, మూసి కాల్చాలి. మళ్లీ బోల్టు తెరిచి ఖాళీ గుల్ల తీస్తే తప్ప రెండోదానికి చోటుండదు. దాని చరిత్ర ఏమిటని రిపోర్టరు బుద్ధితో అడిగాను. "మా ఆయన పాత సామాన్ల సంతలో కొన్నాడు. అంతకుముందు సంగతి తెలీదు. ఎవరి మీద పేలిందో దానికే తెలియాలి. మా ఇంటికొచ్చాక గురి కాగితం మీద తప్ప పేలలేదు. తెలిసింది ఇంతే, ఇంతే రాసుకోండి" అన్నారు. నేను అప్పటిదాకా చూసిన తుపాకులన్నీ పని జరిగిపోయాక, పోలీసుల బల్ల మీద చూసినవే. పని చేయకముందు ఎలా సిద్ధమవుతుందో చూడడం అదే మొదలు.

అలాంటి తుపాకికి తూటాలు బజారులో సులభంగా దొరకవు. ఆవిడే నింపుకునేవారు. అందుకు ప్రభుత్వ అనుమతి ఉంది. బేస్‌మెంట్‌లో బట్టలు ఉతికే గది పక్కన చిన్న గది, అందులో తెల్ల దీపం, బల్ల, తక్కెడ. కాల్చి తెచ్చిన ఇత్తడి గుల్లలను సబ్బు నీళ్లలో కడిగి, ఆరబెట్టి, అడుగున నిప్పు పుట్టించే కొత్త టోపీ నొక్కేవారు. తర్వాత నల్లటి మందు. దీన్ని నల్లమందు అని రాయకూడదు, రాస్తే కేసు వేరే చట్టం కిందికి పోతుంది. ఆ మందును పొడుగాటి గొట్టంలోంచి సన్నటి ధారగా పోస్తే గుల్లలో గట్టిగా సర్దుకుంటుంది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ మిగలకూడదు, పాత తుపాకికి ఆ ఖాళీ ప్రమాదం. ఆ జాగాలో రవ్వ. ఆ పైన తేనెమైనం, కొవ్వు కలిపి పూసిన సీసపు గుండు.

మందు ఎంత పోస్తారని, ఆదివారాలు ఆవిడ కాల్చడానికి వెళ్లే తుపాకి క్లబ్బులో కొత్తవాళ్లు అడిగితే చెప్పేవారు కాదు. "మోతాదు మనిషిని బట్టి ఉంటుంది, తుపాకిని బట్టి ఉంటుంది. నా దానికి సరిపోయింది మీ దానికి విషం. మీ దాన్ని తెలిసినవాడికి చూపించుకోండి" అనేవారు. దగ్గు మందు అడిగినవాళ్లకూ నలభై ఏళ్లు ఇదే జవాబు చెప్పానని నాతో అన్నారు.

ఒక రోజు ఒక్కొక్కటీ చూపించి, మీ భాషలో ఏమంటారని అడిగారు.

"ఇది మందు. మీరు షాపులో అమ్మినదాన్నీ ఇదే మాట అంటాం."

కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. "ఇంకానయం, ఎవరూ పొరపడలేదు. ఇది?"

"రవ్వ. నిప్పు నుంచి ఎగిరే మెరుపునీ రవ్వే అంటాం."

"తెలివైన భాష. ఇది?"

"గుండు. అన్నట్టు, తల మీద వెంట్రుకలు లేకపోయినా గుండే."

క్లబ్బు రేంజి, అంటే కాల్చే మైదానం, చూసుకునే పెద్దమనిషికి తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఆ ఆదివారం ఆవిడ వెంట అక్కడికి వెళ్లినప్పటి నుంచి మా ఇద్దరి మధ్య ఆయన పేరు గుండు. మేమెందుకు నవ్వుతున్నామో ఆయనకు ఈనాటికీ తెలియదు.

ఆ మూడు మాటలను ఆవిడ పనిలో పెట్టుకున్నారు. ప్రతి గుల్లకీ వరసగా, పైకి అనేవారు: "మందు, రవ్వ, గుండు." మధ్యలో ఫోను మోగితే తీసేవారు కాదు. పరధ్యానంలో ఒకదానిలో రెండుసార్లు మందు పడితే తుపాకి, చెయ్యి రెండూ పోతాయి. మాట అనలేదంటే ఆ పని జరగలేదని లెక్క. సందేహం వస్తే గుల్ల బోర్లించి మొదటి నుంచి మొదలు. అందులో విసుగు ఎప్పుడూ చూడలేదు.

నాకు కాల్చడం నేర్పింది కూడా ఆవిడే. రిపోర్టరమ్మా అన్నట్టు నన్ను 'ఫ్రావ్ రిపోర్టర్' అనేవారు. మొదటిసారి గురి చూస్తూనే ఉన్నాను, ట్రిగ్గర్ నొక్కలేదు. ఒక్కటే కదా, తప్పకూడదు అనుకున్నాను. ఆవిడ కనిపెట్టారు. "ఒక్కటే అని భయమెందుకు, ఫ్రావ్ రిపోర్టర్? తప్పితే ఇంకోటి పెట్టుకుందాం. కాయితం ఎక్కడికీ పారిపోదు. తొందర మాత్రం పనికిరాదు" అన్నారు. కాల్చాను. భుజాన్ని ఎవరో అరచేత్తో గట్టిగా వెనక్కి నెట్టినట్టయింది. ఎదురుగా తెల్లటి పొగ గోడలా లేచింది. తగిలిందా అని అడగబోయాను. "పొగ తొలగకుండా మాట్లాడకండి. కనిపించనిదాని గురించి చెప్పడం మీ వృత్తిలో కూడా తప్పే కదా" అన్నారు. తొలగాక చూస్తే గుండు కాగితం అంచుకు తగిలింది. ఆవిడ కాఫీ ఫ్లాస్కు మూత తీశారు. అదే అభినందన.

గుండుతో పాటు రవ్వ కూడా తుపాకి గొట్టంలోంచి ఎగిరి, ముందరి గడ్డి మీద పడుతుంది, కొంత వేగి, కొంత పచ్చిగా. కాల్పులు ఆపగానే తోక ఆడించే చిన్న పిట్టలు దిగి ఏరుకుని తినేవి. కంచె స్తంభం మీద ఒక కాకి కూర్చునేది. ఇక్కడి కాకికి మెడ దగ్గర బూడిద రంగుండదు, ఒళ్లంతా నలుపే. అది ఎన్నడూ కిందికి దిగలేదు.

"దానికి నా వంట నచ్చదు" అన్నారు ఒకసారి.

బెంచీ మీద కాఫీ తాగుతున్నాం. మాటల్లో మా ఆచారం చెప్పాను. మనిషి పోయాక పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తామని, కాకి ముడితే పోయినవాళ్లకు తృప్తి కలిగినట్టని.

"ముట్టకపోతే?"

"ఏదో కోరిక మిగిలిందంటారు. అదేమిటో ఇంట్లోవాళ్లు ఊహించి, మేం చూసుకుంటాంలే అని పైకి చెబుతారు. అప్పుడు వస్తుందని నమ్మకం."

"మీరు నమ్ముతారా?"

"కాకి రావడం చూశాను. ఎందుకొచ్చిందో చెప్పలేను."

కప్పు బెంచీ మీద పెట్టారు. "మందులిచ్చిన మనిషిని, ఊహలు నాకు పడవు. నాది ఇప్పుడే చెప్పేస్తాను. నా తర్వాత ఈ తుపాకిని కరిగించకూడదు. గొట్టం మూసేయకూడదు. ఇది పేలుతుండాలి. మీరు తీసుకోండి."

ఇక్కడి చట్టం ప్రకారం లైసెన్సు లేని వారసుడికి తుపాకి వస్తే గొట్టంలో మేకు బిగించి ఉంచుకోవాలి, లేదా అప్పగించాలి. అప్పగిస్తే కొలిమికి పోతుంది. వాళ్లబ్బాయికి తుపాకులంటే పడదు. క్లబ్బులో మిగతావాళ్లకు కొత్త తుపాకులున్నాయి, రవ్వ పోసుకునే ఓపిక లేదు.

"నేనే ఎందుకు?" అన్నాను.

"మీ ఇంట్లో రవ్వకి లోటుండదు."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు. "బ్లూ కార్డు వీసా మీద వచ్చినం, తుపాకి కార్డు మీద పోతమా ఏంది?" అన్నాడు. మరుసటి వారం ఆయనే జర్మన్‌లో ఉన్న తుపాకి చట్టం పరీక్ష పుస్తకం ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు.

క్లబ్బులో సభ్యత్వం, ఏడాదికి పైగా క్రమం తప్పని సాధన, చట్టం మీద పరీక్ష, తర్వాత నా మీద కేసులున్నాయా అని విచారణ. కేసులు నేను రాసినవే, నా మీద లేవు. పరీక్షకు ఆవిడ చదివించారు. నేను తప్పు చెప్పినప్పుడల్లా తక్కెడ పళ్లెం మీద గోటితో టింగుమనిపించేవారు. చివరికి తుపాకి లైసెన్సు కార్డుకు దరఖాస్తు ఇవ్వడానికి ఆఫీసులో టెర్మిన్, అంటే రమ్మనే తేదీ, దొరికింది. ఇచ్చాను. ఆవిడ ఇనుప బీరువా మా వాటాలో ఎక్కడ పెట్టాలో కొలతలు కూడా తీసుకున్నాం. ఆ వారమే ఆవిడ ఆస్పత్రిలో చేరారు.

చివరిసారి చూసినప్పుడు గొంతు సన్నబడింది, చూపు మాత్రం అలాగే ఉంది.

"కార్డు?"

"రాలేదు. వస్తుంది."

"వస్తుంది అనేది వార్త కాదు, ఫ్రావ్ రిపోర్టర్."

"సరే. కాయితాలన్నీ ఇచ్చాను, ఏ లోపమూ లేదని ఆఫీసువాళ్లు చెప్పారు. ఇది వార్త."

"ఇది బాగుంది." తెలుగు మాటే వాడుతూ, "గుండు ఎలా ఉన్నాడు?" అన్నారు.

"మొలవలేదు."

నవ్వబోతే దగ్గు వచ్చింది. నేను చూసిన ఆఖరి నవ్వు అది.

తలుపు దగ్గర వాళ్లబ్బాయి నిలబడ్డ రోజుకి కూడా కార్డు రాలేదు. అతను మంచివాడు, మాట దాచడు. "ఆ వస్తువు నా దగ్గర ఉండడం నాకిష్టం లేదు. నా చిన్నప్పటి ఆదివారాలన్నీ అదే తినేసింది. అయినా అమ్మ మీ గురించి చెప్పింది. చట్టం నాకిచ్చిన గడువు ఒక నెల. ఆఖరి రోజు దాకా ఆగుతాను, తర్వాత అప్పగించేస్తాను" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. రేంజి పెద్దమనిషి కాయితాలు రాయించి, తుపాకినీ, ఆవిడ ఆఖరిసారి నింపిన తూటాలనూ తన బీరువాలో భద్రపరిచాడు. ఆ తూటాల్లో ఉన్నది మా వంటింటి రవ్వే. ఆవిడకు బజారుకు వెళ్లే శక్తి లేక, నేనే గిన్నెలో తీసుకెళ్లి ఇచ్చాను.

నేను లైసెన్సు ఆఫీసుకు ఫోన్లు చేశాను. ఎవరినీ బతిమాలలేదు. ఏ కాయితం ఎవరి బల్ల మీద ఉందో అడిగి తెలుసుకుని, ఆ బల్లకే ఫోను చేశాను. ఈ పని నాకు వచ్చు. గడువు ఇంకా కొంత మిగిలి ఉండగానే కార్డు వచ్చింది. తుపాకి నా పేర ఎక్కింది. మందు నింపే అనుమతి కోసం శిక్షణకు కూడా పేరిచ్చాను. ఆవిడ తక్కెడను వాళ్లబ్బాయే తెచ్చి చేతికిచ్చాడు.

ఆ ఆదివారం రేంజికి వెళ్లాను. గాలి లేదు, గడ్డి మీద మంచు పేరుకుని ఉంది. పెద్దమనిషి టోపీ తీసి నా వెనక నిలబడ్డాడు. ఆవిడ నింపిన తూటా ఒకటి పెట్టి బోల్టు మూశాను. మందు, రవ్వ, గుండు అని పైకే అన్నాను. ఆయన మూడో మాటకు తలెత్తి చూశాడు. కాల్చాను.

పొగ లేచి, గాలి లేక, అక్కడే నిలబడిపోయింది. బోల్టు తెరిచాను. గుల్ల బయటపడింది.

"తగిలిందా?" అన్నాడు పెద్దమనిషి.

పొగ కింద, తెల్లటి మంచు మీద నల్లగా ఏదో కదిలింది. చిన్న పిట్టలు ఇంకా రాలేదు. కంచె వైపు చూశాను. స్తంభం ఖాళీగా ఉంది.

"ఆగండి" అన్నాను. "పొగ ఇంకా తొలగలేదు."

కాకి తలెత్తి ఒకసారి మా వైపు చూసి, మళ్లీ వంగి రవ్వ ఏరుకుంది. అది తినడం ముగించి ఎగిరిపోయేదాకా నేను బోల్టు మూయలేదు.