బ్యాండు ఆగిన చోట

మా మేనల్లుడి పెళ్ళి ఊరేగింపులో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, బతికున్న ఒక పెద్దమనిషిని చంపేశాను. ఆయుధం ఒక నవల. కంగారు పడకండి, ఆయన ఇప్పటికీ పోతిరెడ్డిపల్లిలో నిక్షేపంగా ఉన్నాడు. నాకంటే గట్టిగా జొన్నరొట్టె నములుతున్నాడు.

అప్పట్లో నేను పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయి వస్తుండేవాణ్ణి. దారిలో చదువుకోవడానికి ఎవరో రాక్ బ్యాండు మీద రాసిన నవల ఇచ్చారు. నలుగురు కుర్రాళ్లు, పొడుగు జుట్టు, గిటార్లు, ఇంట్లో తిట్లు. చివర్లో వేలమంది ముందు, పాట మంచి ఊపు మీదుండగా, వాళ్లు టక్కున వాయించడం ఆపేస్తారు. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత జనమే ఆ పాట అందుకుంటారు. అది చదివి బస్సులోనే ఏడ్చేశాను. పక్కనున్న బీహారు వెల్డరు నా ఉద్యోగం పోయిందనుకుని తన డబ్బాలోంచి సగం పరాఠా ఇచ్చాడు. మొహమాటపడకుండా తిన్నాను.

ఆ వారంలోనే అక్క కొడుకు పెళ్ళి. మా బావ కంది అనే ఊరి దగ్గర వ్యవసాయం చేస్తాడు. పుస్తకాలు చదివేవాడి చేతికి ఏ పనీ ఇవ్వకూడదని ఆయన గట్టి నమ్మకం. అక్క పోరు పడలేక బ్యాండు సంగతి ఒక్కటి నాకు అప్పగించాడు.

"శ్రీనూ, ముహూర్తం యాళ్లకు పిల్లగాన్ని ఫంక్షన్ హాల్ కాడికి తోల్కరావాలె. గా ఒక్క పని జెర సక్కగ చెయ్యి," అన్నాడు.

అది చక్కగా చేస్తే బావ లెక్కలో నేనూ మనిషినవుతాను. చక్కగా చేస్తే సరిపోయేది. నేను గొప్పగా చేద్దామనుకున్నాను.

బ్యాండు మాస్టర్ యాదగిరిని కూర్చోబెట్టి నవల మొత్తం చెప్పాను. పాట ఊపు మీదుండగా నేను చెయ్యెత్తుతాననీ, అప్పుడు అందరూ ఒక్కసారిగా ఆపేయాలనీ, జనమే పాడతారనీ వివరించాను. "ఊకె ఆపుడు మంచిగుండది సార్," అని ఆయన ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనిస్తే కదా. కళ గురించి ఉపన్యాసం అందుకున్నాను. పాపం, టీ చల్లారిపోయేదాకా విని సరేనన్నాడు.

పెళ్ళిరోజు ఊరేగింపు అదిరిపోయింది. పెళ్ళికొడుకు కారు ముందు కుర్రాళ్లు ఎగురుతున్నారు, అక్క కూడా ఎగురుతోంది. పోతిరెడ్డిపల్లిలో ఒక నీలం గేటు ముందుకు రాగానే చెయ్యెత్తాను. బ్యాండు ఆగింది. నిశ్శబ్దం. పాట కోసం ఒళ్లంతా చెవులు చేసుకుని నిలబడ్డాను.

ఎవరూ పాడలేదు. ఎందుకంటే మా దగ్గర, దారిలో చావు జరిగిన ఇల్లు వస్తేనే పెళ్ళి బ్యాండు ఆగుతుంది. ఆ ఇల్లు దాటేదాకా చప్పుడు చేయరు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న సంగతే. నవల తలకెక్కి మర్చిపోయాను.

ఎగిరే కుర్రాళ్లు తలలు దించుకున్నారు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎవరు పోయిండ్రే?" అన్న గుసగుస వెనక్కి పోయి, తిరిగొచ్చేసరికి జవాబైపోయింది: నీలం గేటు నర్సయ్య తాత. ఇద్దరాడవాళ్లు గేటు తెరుచుకుని లోపలికి పోయి, వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఆయన భార్యను కావలించుకుని శోకాలు మొదలుపెట్టారు. ఆమె ఏమీ అర్థంకాక వాళ్లతోపాటు తానూ ఏడ్చింది. ఏడుపు విని లోపలినుంచి నర్సయ్య తాత టీ గ్లాసుతో బయటికొచ్చాడు.

"ఎవరు పోయిండ్రు?" అని అడిగాడు.

అందరూ ఆయన్నే చూశారు. ఆయన ఒకసారి తన ఛాతీ తడుముకున్నాడు.

ఇంతలో ఊరేగింపు ఇంకా రాలేదని బావ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఏడ్చేవాళ్లనీ, తాతనీ, చివరికి నన్నూ చూశాడు.

"ముందుగాల చెయ్యి దించు," అన్నాడు.

అప్పటికీ ఎత్తే ఉంచానండీ. సిగ్గుతో చచ్చిపోతూ నవల సంగతి బయటపెట్టాను. అందరికంటే ముందు నవ్వింది తాతే. "నేనైతే ఉన్న. ఇగ వాయించుండ్రి," అని, తాను బతికే ఉన్నానని వాడలో అందరికీ తెలియడానికి కారు ముందు ఎగురుకుంటూ హాలుదాకా వచ్చాడు. ముహూర్తం తప్పలేదు. బావ భోజనాల దాకా నాతో మాట్లాడలేదు. తర్వాత తానే నా విస్తట్లో ఇంకో లడ్డూ వేసి, "ముసలాయన మస్తు ఎగిరిండు," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత నర్సయ్య తాత తనను చంపిన పుస్తకం చూడాలని అడిగి తీసుకున్నాడు. మనవరాలితో మొత్తం చదివించుకుని తిరిగిచ్చాడు.

"మంచిగనే ఉన్నది బిడ్డా," అన్నాడు. "గని ఆ బ్యాండు ఆగిన కాడ ఎవరు పోయిండ్రో రాయనే లేదు."

కాబట్టి, ఆ పెళ్ళి అగ్నిహోత్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత గొప్ప నవలైనా చేతులు జేబుల్లో పెట్టుకునే చదువుతాను. పేజీ తిప్పడానికి తప్ప బయటికి తీయను.