ఎండిన మట్టిపెళ్ల

కాలువకు ఆఖరి మడి మాది, నా చిన్నప్పుడు. నిజాంసాగర్ నీళ్లు పైవాళ్ల పొలాలన్నీ తడిపి మా దాకా వచ్చేసరికి బురదే మిగిలేది. ఒక ఏడు అది కూడా రాలేదు. నాటిన వరి నిలువునా ఎండిపోతోంది. మా తాతయ్య బాన్సువాడలో కాలువల ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. నీళ్లు వదిలామనీ, రిజిస్టర్లో రాసి ఉందనీ అన్నారు.

ఐదోసారి నన్ను వెంట తీసుకెళ్లాడు. నెత్తిన గంప, అందులో మా మడిలోంచి తవ్విన మట్టిపెళ్ల, దాన్ని పట్టుకునే ఎండిపోయిన నారు. ఆయన ఏడుస్తాడనుకున్నాను, కాదంటే తిడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. పెళ్లను తీసి ఆ రిజిస్టరు మీదే పెట్టాడు.

"మీరిడిసిన నీళ్లు ఈ పెళ్లల యాడున్నయో సూపియ్యుండ్రి సారూ."

అక్కడి అధికారి లేచి మా వెంట కాలువ గట్టు మీద నడిచి, నీళ్లు ఎక్కడ ఆగిపోయాయో చూసి వదిలించాడు. సాయంత్రానికి మడిలో నీళ్లు. వాటితోనే కాళ్లు కడుక్కుంటూ తాతయ్య అన్నాడు: "ఏడిస్తె ఓదారుస్తరు బిడ్డా. మట్టి సూపెడితె కాలువ సూస్తరు."

నేను బడికి పోలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ గర్వంతోనే నిరుడు మునిమనవడి కోసం నాలుగు పేజీల అర్జీ రాశాను. వాడికి మూడేళ్లు. ఊపిరాడకపోతే హైదరాబాదులో గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఆపరేషన్ ఉచితం. అసలు ఖర్చు ఇంటికొచ్చాక మొదలైంది. కఫం లాగే మిషనుకు కిరాయి, కరెంటు పోతే బ్యాటరీ, రోజూ సన్నని పైపులు. ఒక్కసారి వాడి పారేయమన్న పైపును పిల్లవాడి తల్లి, అంటే మా మనవరాలు, ఉడకబెట్టి వారం వాడేది. రెండుసార్లు వాడికి జ్వరం ముదిరింది. ఖర్చుకు ఆమె బర్రెను అమ్ముకుంది. వాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి కూలికి పోవడమూ మానింది. బిడ్డను బతికించి పంపినవాళ్లు, ఇంటి దగ్గర ఊపిరెట్లా తీసుకుంటున్నాడో అడగొద్దా? అర్జీ నిండా ఈ కోపమే. ఎవరూ చదవలేదు.

అప్పుడు మట్టిపెళ్ల గుర్తొచ్చింది. పాత పైపులన్నీ సంచిలో వేసుకుని, మనవరాలినీ పిల్లవాణ్ణీ వెంటబెట్టుకుని, అర్జీ పెట్టిన దవాఖానల ఆఫీసుకు పోయాను.

"ఆపరేషన్ ఫ్రీగనే అయ్యింది గద తాతా, ఇంకేంది?" అన్నాడు అధికారి.

సంచిని ఆయన ఫైలు మీద బోర్లించాను. "డ్యాముకాడ నీళ్లిడిస్తె ఆఖరి మడికి చేరినట్టేనా సారూ?"

ఆయన ఒక పైపు చేతిలోకి తీసుకున్నాడు. "ఇన్ని ఒక్క నెలకా?"

"ఇవి మేం కొనగలిగినయి సార్," అంది మనవరాలు. "కొనాల్సినయి ఇంకా శానా ఉన్నయి."

అంతలో పిల్లవాడి గొట్టంలో కఫం గురగురలాడింది. ఆమె అక్కడే మిషను తీసి, ఉడకబెట్టి తెచ్చుకున్న పైపుతోనే లాగింది. ఆఫీసంతా చూసింది. ఆయన ఇక కూర్చోలేదు. నిలబడే దవాఖానకు ఫోను చేశాడు.

ఇప్పుడు మిషను మాదే, దవాఖానవాళ్లే ఇచ్చారు. పైపుల డబ్బా నెలనెలా బాన్సువాడ దవాఖానకే వస్తోంది, మాకూ, తండాలో ఇలాగే గొట్టంతో ఉన్న మరో పాపకూ.

మొదటి డబ్బా విప్పిన రోజు మనవరాలు పైపు వాడి, అలవాటుగా పొయ్యి మీది గిన్నె వైపు కదిలి, ఆగి, దాన్ని చెత్తబుట్టలో పడేసింది. "పోతే పోయింది పో తాతా," అని నవ్వింది. నా ఇన్నేళ్ల బతుకులో ఒక వస్తువును పారేస్తుంటే నేను అంత సంబరపడ్డది అదొక్కసారే.

అర్జీలు ఇప్పటికీ రాస్తాను. చూపించాల్సింది సంచిలో సర్దుకున్నాకే రాస్తాను.