నమస్కారం పెట్టే బొమ్మ

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులవి. గుడివాడలో నేను పనిచేసే బట్టల కొట్టుకి మా యజమాని ఒక బొమ్మను తెచ్చాడు. నిలువెత్తు ఆడబొమ్మ, లోపల మోటారు. ఎవరైనా దగ్గరికొస్తే చేతులు జోడించి, తల కాస్త వంచి, "రండి, దయచేయండి" అనేది. పొద్దున్నే దానికి చీర కట్టడం నా పని. గుమ్మంలో దాని పక్కన నిలబడే నేనూ అదే చీర కట్టాలని యజమాని హుకుం. అలాగైతే చీర బాగా అమ్ముడుపోతుందట.

మా వైపు నమస్కారం పెడితే తిరిగి పెట్టకుండా ఎవరూ వెళ్ళరు. బొమ్మకీ పెట్టేసి, నాలిక కరుచుకుని నవ్వుకునేవారు. దివిసీమ నుంచి పెళ్ళిబట్టలకొచ్చిన ఒక ముసలమ్మ మాత్రం నవ్వలేదు.

"పొద్దుట్నించీ నిలబడే ఉన్నావా తల్లీ? కాసేపు కూర్చోరాదూ?" అని దాని చెయ్యి నిమిరింది.

"అది బొమ్మండీ," అన్నాను.

"అయితే మాత్రం?" అంది.

నాకు ఒళ్ళు మండింది. పక్కనే కాళ్ళు పీకుతున్నా నిలబడ్డ నన్ను ఆ మాట ఒక్కరూ అడగలేదు మరి.

పెళ్ళిళ్ళ రోజులు వచ్చేసరికి ఆ రబ్బరు చేతుల మీద గోళ్ళ గాట్లు పడ్డాయి. ఆడవాళ్ళకు తోడొచ్చిన మగాళ్ళు, బేరం తెమిలేదాకా ఊసుపోక, దాని బుగ్గ గిల్లేవారు, నడుం తడిమేవారు. అది మళ్ళీ చేతులు జోడించి దయచేయమనేది. అందరూ పడీపడీ నవ్వేవారు. పక్క వీధి పురుగుమందుల కొట్టువాడైతే పనిగట్టుకుని రోజూ వచ్చేవాడు. ఒకనాడు దాని చెంప మీద సిగరెట్టు ఆర్పాడు.

"అదేం పనండీ!" అన్నాను.

"దానికేమన్నా నొప్పా?" అన్నాడు గల్లాపెట్టె దగ్గర నుంచి మా యజమాని.

నొప్పి లేదని నాకూ తెలుసు. అయినా మర్నాడు ఆ కాలిన మచ్చ మీద పౌడరు అద్దుతుంటే నా చెంప చురుక్కుమంది. ఆ చెయ్యి అక్కడితో ఆగదనిపించి భయమేసింది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. చేతులు సగం జోడించి బొమ్మ ఆగిపోయింది. ఆ చీకట్లో నా నడుం మీద ఒక చెయ్యి పడి గట్టిగా గిల్లింది. కెవ్వుమన్నాను. జనరేటరు వేసేసరికి పురుగుమందుల కొట్టువాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఒకటే చీర కదా, బొమ్మనుకున్నా," అన్నాడు.

కొట్టంతా నవ్వింది. "పొరపాటున జరిగిందిలేమ్మా," అన్నాడు యజమాని.

మర్నాడు వేరే రంగు చీర కట్టుకుని వెళ్ళాను. యజమాని కేకలేస్తే వేయనీ అనుకున్నాను. ఆ రోజు కరెంటు పోలేదు, గుమ్మంలో ఎండ పడుతోంది. పురుగుమందుల కొట్టువాడు వచ్చాడు. బొమ్మ చేతులు జోడించింది. వాడు దానివైపు చూడనైనా చూడలేదు. నా మొహంలోకే చూస్తూ చెయ్యి చాచాడు.