కుప్పంలో నడిచిన నడక

పోయిన నెల మా అక్క మనవరాలు వచ్చి, కాలేజీలో నాటకం వేస్తున్నారని, వేషానికి పోటీ ఎక్కువగా ఉందని చెబుతూ, మీ కాలంలో వేషానికి మనిషిని ఎలా ఎంచుకునేవాళ్ళు తాతా అని అడిగింది. హార్మోనియం మాస్టారు ముందు ఒక పద్యం పాడాలి, శ్రుతి అందుకుంటే వేషం దొరికినట్టే అని చెప్పి, నేను కట్టిన రాణి వేషాల ముచ్చట్లు కొన్ని వినిపించి పంపేశాను. కుప్పం సంగతి చెప్పలేదు. చెప్పకూడదని కాదు, ఇప్పటి పిల్లలు వినగానే అర్థం చేసుకుని, పైగా మనకే ధైర్యం చెప్పడం మొదలుపెడతారు. మన వయసువాళ్ళయితే ఊరికే వింటారు.

తొంభైలలో నేను పుంగనూరు నుంచి తెల్లవారుతూనే బస్సెక్కి, మదనపల్లె టమోటా యార్డులో ఒక మండీలో వేలం పాడేవాణ్ణి. పొద్దున పెట్టెల మధ్య నిలబడి గొంతు చించుకునే ఈ మనిషే, శివరాత్రికో వినాయక చవితికో చుట్టుపక్కల పల్లెల్లో పట్టుచీర కట్టి, సవరం పెట్టుకుని రాణిగా నిలబడితే, ముందురోజు వేలంలో నాతో పోట్లాడిన రైతే ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకునేవాడు. రామసముద్రం వైపు ఒక పల్లెలో ఆడవాళ్ళు నా చేతి గాజులు బిగుతుగా ఉన్నాయని చూసి, తమవి తీసి తొడిగారు. ఆ చీరలో ఉన్నంతసేపు నేను ఎలా నడిచినా, ఎలా తల తిప్పినా మెచ్చుకునేవాళ్ళే. చీర విప్పాక అదే నడక పొరపాటున తొంగిచూస్తే మాత్రం మండీలో కుర్రాళ్ళు ఈలలు వేసేవాళ్ళు, అందుకని పగలంతా కాళ్ళు కాస్త ఎడంగా వేసి జాగ్రత్తగా నడిచేవాణ్ణి. నేను ఎటువంటివాడినో నాకు చిన్నప్పుడే తెలుసు. నావంటివాళ్ళకు మా వైపు ఉన్న మాటలన్నీ తిట్లే కాబట్టి, నన్ను నేను ఏ మాటతోనూ పిలుచుకోలేదు. పెళ్ళి ఊసు వచ్చినప్పుడల్లా నాటకాల పిచ్చిని అడ్డం పెట్టుకున్నాను, మా అమ్మ కూడా నమ్మినట్టే ఉండేది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, కుప్పంలో ఒక లెక్చరరు ఊరి మనుషులతోనే నాటకం వేయిస్తున్నాడని, ఆయన హవాయి దీవుల్లో కొంతకాలం ఉండి వచ్చాడని, అక్కడి కథలో ఆడనడక నడిచే మగమనిషి వేషం ఒకటి ఉందని మా హార్మోనియం మాస్టారు చెప్పాడు. ఆ మాట వినగానే నేను చేసిన మొదటి పని మీసం తీసేయడం. నాటకాల కాలం కాని కాలంలో మీసం తీస్తే మా వైపు ఒకటే అర్థం, అందుకే మా అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తి చూసి "ఎవురు పోయినార్రా?" అని అడిగింది. మా అక్క మొగుడు, అంటే మా బావ, నా నాటకాలన్నింటికీ వెంట వచ్చే మనిషి, కుప్పానికీ నాతో బస్సెక్కాడు.

వేషాలకు మనుషుల్ని చూస్తున్న బడి గదిలో బెంచీలు గోడవారకు జరిపి ఉన్నాయి. హార్మోనియం లేదు, పద్యం పాడమనలేదు. లెక్చరరు మెల్లగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఆ దీవుల్లో ఆడా మగా రెండూ కలిసిన మనుషుల్ని మాహూ అంటారట. ఒకప్పుడు పిల్లలకు పాటలు, నాట్యం, వంశాల కథలు నేర్పేది వాళ్ళేనట, దేవుడి పేరు చెప్పుకుంటూ ఓడల్లో వచ్చి దిగిన పరాయి దేశాలవాళ్ళు అది పాపమని నేర్పాక వాళ్ళ బతుకులు చాటుకు పోయాయట. నాటకంలో అటువంటి అయ్యవారు ఒకడు పిల్లలకు పాత పాటలు నేర్పుతుంటే, ఇక బడికి రావద్దని తల్లిదండ్రులు గేటు దగ్గర ఆపుతారు. అంత దూరంలో, సముద్రం మధ్యన, నావంటివాళ్ళకు తిట్టు కాని పేరొకటి ఉండేదని నాకు ఆ రోజే తెలిసింది.

తలుపు దగ్గరనుంచి కిటికీ దాకా నడిచి, గేటు దగ్గరి మాటలు చెప్పాలి. నేను భుజం మీది తువ్వాలును పైటలా సర్దుకుని, గొంతు సన్నం చేసి, పదేళ్ళుగా అలవాటైన నడక నడిచాను. గదిలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు, బావ అందరికంటే గట్టిగా కొట్టాడు. లెక్చరరు నవ్వి, "రాణి బాగా నడిసిందప్పా. ఇంగ నువ్వు నడువు" అన్నాడు. తువ్వాలు తీసి బెంచీ మీద పెట్టమన్నాడు. "మీసం యాల తీసేస్తివి? ఆ అయ్యవారికి మీసం ఉండాది" అని కూడా అన్నాడు. ప్యాంటూ చొక్కాలో, వేలం పాడే నా సొంత గొంతుతో, నేను నడిచాను. ఏమీ చేయనక్కర్లేకపోయింది, ఇన్నేళ్ళూ పట్టి ఉంచినదాన్ని వదిలేయడమే. మీ పిల్లలకు మీ అవ్వల పాటలు నేర్పినవాణ్ణి, నన్ను చూసి ఎందుకమ్మా భయపడతారు అని కిటికీ వైపు తిరిగి అడుగుతుంటే నాకు సిగ్గు వేయలేదు, సంతోషం వేసింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బావ తన చెప్పుల్ని చూసుకుంటున్నాడు. లెక్చరరు మాత్రం, ఈ వేషం నీదే, మీసం పెంచుకుని రమ్మన్నాడు.

తిరుగు బస్సు పలమనేరు దాటింది. బావ కిటికీలోంచి బయటికి చూస్తూనే, "సీర కట్టుకోని ఆడితే ఏసం అంటారబ్బా. ప్యాంటు మీద అట్ల నడిస్తే ఏసం అనరు. బిడ్డకు సంబంధం మాట్లాడతాండాం, నువ్వే ఆలోసించుకో" అన్నాడు. అందులో కోపం లేదు, నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు. నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకపోయింది. మీసం పెరిగింది, నేను వెళ్ళలేదు. సంబంధం కుదిరింది, మొన్న నన్ను నాటకాల గురించి అడిగింది ఆ దంపతులకు పుట్టిన పిల్లే.

నాటకం ఆడిన రోజు ఒక్కణ్ణే కుప్పం వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఆ వేషం ఒక బడిపంతులు కట్టాడు. మొదట నవ్వినవాళ్ళే గేటు దగ్గరి మాటలు విన్నాక, చివర్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నిజంగానే బాగా చేశాడు, నేనూ కొట్టాను. రంగు కడుక్కుని భార్యను స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్ళిపోతున్న ఆయన్ను చూశాక, అంతమంది నిర్భయంగా ఎందుకు మెచ్చుకున్నారో అర్థమైంది. గేటు దగ్గర లెక్చరరు నన్ను గుర్తుపట్టి, "మీసం బాగా వొచ్చిండాదే" అన్నాడు.

ఇప్పుడు మా వైపు ఆడవేషాలు ఆడవాళ్ళే కడుతున్నారు, అదే న్యాయం కూడా. బెంగళూరులో నావంటివాళ్ళు పట్టపగలు రోడ్డు మీద పాటలు పాడుకుంటూ వెళ్ళడం టీవీలో చూశాను. వాళ్ళకు మంచి మాటలున్నాయి, తోడు ఉంది. మాకు ఉన్నదల్లా చీర కట్టుకున్నంతసేపు ఊరంతా ఇచ్చే ఒక అనుమతి. ఆ అనుమతి పోయేటప్పటికి నాకింకా వయసుంది. ఇలా పట్టపగలు నడిచే రోజు వచ్చేటప్పటికి లేదు.