తరుముకొచ్చే కృప

మొన్న విరుదునగర్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని ఉంటే మా చెల్లెలి కూతురు ఫోనులో ఒక హీబ్రూ మాట చూపించి, ఇరవైమూడో కీర్తన చివర కృప వెంట వస్తుందని ఉన్నచోట అసలు మాటకు అర్థమేమిటో తెలుసా మామా అని నాకు పరీక్ష పెట్టింది. తెలియకేం, నీ ఫోను పుట్టకముందే, ఈ ఊళ్ళోనే, పదమూడు తుమ్ములతో సహా నేర్చుకున్నానన్నాను.

ఆ తుమ్ములకు కారణం మా మేనత్త. కోవిల్‌పట్టిలో తీపెట్టె ఆఫీసులో, అంటే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో, చట్రాలకు పుల్లలు పేర్చేది. ఆ వేళ్ళ వేగానికి చట్రమే కళ్ళు తిరిగి పడిపోయేదని నా సాక్ష్యం. మన ఇళ్ళలో మాట తెలుగు, చదువు అరవం కదా, అత్తకు ఆ చదువూ లేదు. కానీ శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థనలో వాక్యాన్ని ఇంటి తెలుగులోకి తిప్పి చెప్పేది ఆమే. మొగుడు పోయాక ఆమెకంటూ మిగిలిన చోటు అదొక్కటే. ఈ కీర్తన వచ్చినప్పుడల్లా కృప మనల్ని తరుముతాది అనేది. మా చర్చికి గుడిపెద్దగా ఉన్న మా పెద్దనాన్న, ఆమెకు సొంత అన్న, ఇది విని మండిపడ్డాడు. అరవ బైబిల్లో వెంట వస్తుందనే అర్థంలో ‘తొడరుం’ అని అచ్చయి ఉందనీ, తరమడానికి కృప ఏమైనా కుక్కా అనీ, అచ్చులో ఉన్నట్టు చెప్పకపోతే వచ్చే శుక్రవారం నుంచి నోరు విప్పవద్దనీ తీర్పు చెప్పాడు.

“తొడరుం అనేది వారపత్రికలో కత ఆఖర్న, మిగతాది వచ్చే వారమని ఏసే మాటన్నా,” అంది అత్త. “వారందాకా కాసుకోనుండే కృప నాకొద్దు.”

హీబ్రూ చదివిన మా అమ్మ మేనమామ, రిటైరైన పాస్టరు, విరుదునగర్‌లో ఉండేవాడు. ఆయన్నే అడుగుదామని అన్నాచెల్లెళ్ళు బస్సులో చెరో కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంటే, కొత్తగా లారీ షెడ్డులో పనికి చేరిన నేను సెలవు పెట్టి మధ్యలో సరిహద్దు రాయిలా కూర్చున్నాను. పాస్టరు తాత ఇల్లు మిరపకాయల మండీ వెనక. ఆయన దించిన నిఘంటువు బరువుకు బల్ల మూలిగింది, ఘాటు మాత్రం మండీలో సగం సరుకు అందులోనే దాచారేమో అన్నంత ఉంది. తుమ్ముల మధ్య ఆయన చెప్పిందేమంటే, ఇశ్రాయేలీయుల వెనక ఫరో రథాలతో పడ్డచోటా, దావీదును సౌలు కొండల్లో వేటాడినచోటా ఉన్నది ఈ మాటేనట. వెంట రావడం తప్పు కాదు గానీ మెత్తన, అసలు మాటలో పరుగు ఉందట.

పెద్దనాన్న ఓడిపోవడానికి ఒప్పుకోక, చదువురాని దానివి, ఈ మాట నీకెక్కడిదని అడిగాడు.

“మీ బావ పోయినప్పుడు ఎవురి మొగమూ చూడకూడదని ఎట్టయాపురం దారి పట్టి పోతిని గదన్నా. ఆఫీసు ఆడోళ్ళు పని ఇడిసి, గంజి తూక్కు గిన్నె ఎత్తుకోని ఎండలో నా ఎనకాల పరిగెత్తిరి. రాయి తీసి ఏస్తి, అప్పుడూ పోలేదు. పట్టుకోని గంజి తాపినాంకనే ఇడిసిరి. దాన్ని ఎంట వచ్చేదనేదానికి నాకు నోరు రాదు.”

తిరుగు బస్సులో పెద్దనాన్న మెత్తబడి, పోనీ తరుముతుందనే చెప్పు, కానీ గుడిలో చదివే అరవంలో చెప్పమన్నాడు. నాకు ఇంటి మాటలోనే వస్తాది, కుదరదంది అత్త. శుక్రవారం గుడికి తాళం పడింది. తీపెట్టె ఆఫీసు ఆడవాళ్ళంతా, నా లెక్కన సగం కోవిల్‌పట్టి, మెట్ల మీదే కూర్చున్నారు. అత్త తెలుగులోనే చెప్పింది. మూడో శుక్రవారం తాళం తీసి ఉంది. ఎవరు తీశారో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అత్త లేదు, ఆ ఆడవాళ్ళలో మిగిలింది ఇద్దరో ముగ్గురో. మా పిల్లలకు హీబ్రూ అర్థం చిటికెలో దొరుకుతోంది, తరమడమంటే ఏమిటో మాత్రం అరవంలో చెప్పాల్సి వస్తోంది. అయినా నేను ఊరుకోను. ఆ కీర్తన వచ్చినప్పుడల్లా గుడంతా తొడరుం అంటుంటే, నేను గొంతు పెంచి తరుముతాది అంటాను. ముందు వరుసవాళ్ళు తిరిగి చూస్తారు. చూడనీ.