తుమ్మని మావయ్య

మొదటిసారి కరోనా వచ్చి తగ్గాక మా మావయ్య ప్రత్తిపాడంతా తిరిగి, "నా ఒంట్లో పోలీస్ స్టేషన్ పెట్టేశార్రా, ఇంక ఏ వైరస్సూ రాదు" అని చెప్పుకున్నాడు. రెండోసారి వచ్చింది. స్టేషన్‌లో ఎవరూ పలకలేదు.

ముందే తెలియాల్సింది. ఆ రోజుల్లోనే కల్లంలో మిరపకాయలు బస్తాల్లోకి తొక్కుతుంటే అందరం తుమ్మి చస్తున్నాం, ఆయనొక్కడే తుమ్మలేదు. "ఘాటు నన్ను చూసి లేచి నిలబడుతోంది" అన్నాడు. మేం నమ్మాం. మా వైపు తుమ్మని మనిషికి గౌరవం ఇస్తారు గానీ, టెస్టు చేయించరు. ముక్కు, నాలుక రెండూ చచ్చుబడ్డాయని ఆస్పత్రిలో చేరాకే తెలిసింది. ఆయన తిరిగి రాలేదు.

నేనిప్పుడు ఒక ల్యాబులో, కంప్యూటర్ మీద వైరస్ ప్రోటీన్ల బొమ్మలు కడుతుంటాను. మొన్న సెలవుకొచ్చి కల్లంలో ల్యాప్‌టాప్ తెరిచాను. పక్కన అత్త తొడిమలు తీస్తోంది.

"ఏంట్రా అది?"

"వైరస్ మీద ముల్లులా ఉండే ప్రోటీను. దాని కొన పట్టుకున్నది యాంటీబాడీ, మావయ్య చెప్పిన పోలీసు. మంచులో బిగించి ఫొటోలు తీస్తారు."

"కోల్డ్ స్టోరేజీలో కాయల్లాగా?"

"అంతే. కష్టపడ్డోడికి రేటు రాకపోవడం కూడా సేమ్."

అత్త నవ్వలేదు. యాంటీబాడీ చివర మెలికలు వేళ్లలా ముల్లు కొనని గిల్లి పట్టుకున్నచోటే చూస్తోంది.

"ఇవి మీ మావయ్య ఒంట్లోనూ ఉన్నాయిగా. చివర్లో ఫోన్‌లో 'ఇంక నా వల్ల కాదే' అన్నాడు. వదిలేశాడంటావా?"

ఇన్నేళ్లూ ఆమె అన్నం ముందు కూర్చుని ఆలోచించేది ఇదన్నమాట. కుప్పలోంచి ఒక కాయ ఇచ్చాను. ఆమె వేళ్లు చూడకుండానే తొడిమ గిల్లాయి. తర్వాత తొడిమ లేని కాయ ఇచ్చాను. వేళ్లు అలవాటుగా అక్కడికే వెళ్లి, జారిపోయాయి.

"ఆయన ఒంట్లో సరిగ్గా ఏం జరిగిందో నాకు తెలీదత్తా. చాలామందిలో మాత్రం ఇదే. వైరస్ ఆ కొన దగ్గర కొంచెం మారింది. వేళ్లు అవే, గిల్లడమూ అదే. పట్టుకోడానికే ఏం దొరకలేదు."

"అయితే చెయ్యి చాచాడు."

"చాచే ఉంటాడు."

"మరి ఈ బొమ్మలో చెయ్యి ఎవరిది?"

"జబ్బు తగ్గిన మనిషెవరిదో. పేర్లుండవు."

బొటనవేలితో దాన్ని తాకింది. స్క్రీన్ మీద ఎర్రటి మరక పడింది. అదే చెయ్యి కళ్ల దగ్గరికి పోతుంటే పట్టుకుని ఆపాను.

"కారం! ఏడవాలంటే చేతులు కడుక్కుని రా అత్తా."

"నీ మొహం మండ" అని నవ్వింది. కళ్లలో నీళ్లు అలాగే కారనిచ్చింది.

ఆ మరక తుడవలేదు. ల్యాబులో ఆ బొమ్మ తెరిచినప్పుడల్లా నాకు తుమ్మొస్తుంది. ఏసీ వల్లే. తుమ్మాక మాత్రం ఒకసారి పక్కకి చూస్తాను, తుమ్మకుండా ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని.